తూము ఎత్తినంత మేర

రావులపాలెం అరటి మార్కెట్ వెనక నా షాపు:
రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్సు మిషను,
గెలల వాసనకి అలవాటుపడిన ఫ్యాను.

పోయిన మాఘంలో ఏదో పురుగు దూరి
ఫైళ్ళన్నిటికీ తాళాలేసి డబ్బడిగాక
తణుకు నుంచి ఫణికుమార్ వచ్చి సిస్టమంతా మార్చేశాడు.
"ఇకమీదట ఏ యాప్ కొట్టు దానిదే అండి,
పక్కవాడి అరుగెక్కదు" అన్నాడు.
తలూపాను. అర్థమై కాదు, బిల్లు తగ్గిస్తాడని.

ఇవాళ ఏసుపాదం వచ్చాడు, లొల్ల లాకుల మీద లస్కరు.
దాళ్వా వంతుల పట్టిక పెన్‌డ్రైవులో తెచ్చాడు:
ఏ బోదెకి ఏ రోజు, ఏ తూముకి ఎన్ని గంటలు.
గుచ్చాను. ఫోల్డరు నా కళ్ళకి కనిపిస్తోంది.
కొత్త యాప్‌లో దారి టైపు చేస్తే
అలాంటిది లేదంది.
అబద్ధమాడలేదు పాపం,
దాని లోకంలో పెన్‌డ్రైవన్నదే పుట్టలేదు.
డెస్క్‌టాపు లేదు, డౌన్‌లోడ్సు లేవు,
అద్దెకిచ్చిన ఒంటిగదిని ఊరనుకుని బతుకుతోంది.

'ఫైలు తెరువు' నొక్కితే ఒక కిటికీ వచ్చింది.
అది యాప్‌ది కాదట, సిస్టముదట.
యాప్ గుమ్మం బయటే నిలబడుతుంది.
నేను లోపల వెతికి, ఒక్కటి తీసి, చేతికందించాలి.
సంతకాల్లేవు, సరేనా అని అడగడాల్లేవు,
వేలు ఏ ఫైలు మీద పడితే అదే అనుమతి.
ఆ ఫైలు అసలు చిరునామా కూడా చెప్పరు దానికి.
అంకెలూ అక్షరాలూ కలిసిన ఏదో మారుపేరు సందులో
అదొక్కటే పెట్టి చూపిస్తారు.

పట్టిక వచ్చింది. బోదెల పటం రాలేదు.
అదే ఫోల్డరులో, పక్కనే ఉంది పటం,
తెర మీద మాత్రం ఖాళీ చట్రం.
నేను మిషన్ని తిట్టాను, ఫణికుమార్‌ని తిట్టాను.
ఏసుపాదం బల్ల చివర కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.
"ఆయ్, తూము ఎత్తిన చేనుకే కదండీ నీళ్ళు.
పక్క చేను గట్టానుకునే ఉంటది,
ఉంటే మాత్రం?"

ఫోల్డరు మొత్తం అందించాక పటం వచ్చింది.

అసలు నా ఒళ్ళు మండేది దీనికి కాదు.
మొన్న దొమ్మేటి వారి దస్తావేజు ముసాయిదా,
రెండు గంటలు కొట్టింది,
తాత్కాలికం అన్న చోట దాచాను, అది అందరి చావిడే అనుకుని.
యాప్ మూయగానే గదితోపాటు కడిగేశారు.
ఇంకో కాయితం డాక్యుమెంట్సులో దాచానని ఒట్టేస్తాను.
దాని డాక్యుమెంట్సు వేరట,
చుక్కతో మొదలయ్యే పేరు వెనక, ఐదు మెట్ల కింద దొరికింది.
ఒకే పేరున రెండు ఊళ్ళు మన దగ్గర మాత్రం లేవా,
తప్పు బస్సెక్కినవాడికి తెలుస్తుంది.

"అంత కోపమైతే హోమ్ మొత్తం ఇచ్చేయండి, ఒక్క మీట"
ఫోన్లో చెప్పాడు ఫణికుమార్.
మౌసు అక్కడిదాకా వెళ్ళింది.

ఆ హోమ్‌లోనే
సత్తెమ్మ ఆధారు ఉంది,
చేపలు తోమి తోమి వేలిముద్ర అరిగిపోయిన మనిషి.
మూడేళ్ళ కౌలు కార్డులున్నాయి.
ఒకమ్మాయి విడాకుల కాయితాలున్నాయి,
స్కాను చేస్తూ నేను గోడకేసి చూశాను,
ఆ అమ్మాయి మార్కెట్ కేసి చూసింది.
బొమ్మలు దిద్దే యాప్‌కి అవన్నీ ఎందుకు?
నేను చదవకుండా మడిచిచ్చిన కాయితం
అదెందుకు చదవాలి?

"అందరికీ ఎత్తేస్తే శివారోళ్ళకి చుక్క రాదండి,
దించేస్తే రాత్రి లాంతర్లేసుకుని మా మీదకొస్తారు"
ప్రింట్లు లెక్కపెట్టుకుంటూ ఏసుపాదం
నాతో అన్నాడో, రేపటి వంతుతో అన్నాడో.
ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టి,
పట్టికని ప్లాస్టిక్ కవర్లో దోపి సైకిలెక్కాడు.

మీట ముట్టుకోలేదు. తిట్లు మానలేదు.
చీకటి పడుతుండగా ఇంకెవరిదో పెన్‌డ్రైవు గుచ్చాను.
యాప్ మళ్ళీ లేదంది.
"ఆయ్" అన్నాను దానితో,
లోపల వెతికి
ఒక్కటి అందించాను.